డైరెక్ట్ ఇంజెక్షన్‌లో సీఎన్‌జీ, హైడ్రోజన్: ఇంజిన్ లోపల అసలు ఏం జరుగుతుంది?

మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: “టర్బో పెట్రోల్, డైరెక్ట్ ఇంజెక్షన్ కారు వాడుతున్నాను. రోజూ నల్గొండకు, తరచూ హైదరాబాద్‌కు తిరుగుడు ఉంటుంది. సీఎన్‌జీ పెట్టిద్దామంటే పికప్ పోతుందని అందరూ భయపెడుతున్నారు. గ్యాస్‌ను నేరుగా సిలిండర్‌లోకి పంపితే పవర్ తగ్గదని ఒక వీడియోలో విన్నాను. నా కారులో ఆ ఇంజెక్టర్లు ఎలాగూ ఉన్నాయి కదా, వాటిలోంచే గ్యాస్ పంపలేమా? రేపు హైడ్రోజన్ వచ్చినా ఇదే పద్ధతా?”

ముందు సూటిగా జవాబు చెప్తాను. మీ కారులోని పెట్రోల్ ఇంజెక్టర్లలోంచి గ్యాస్ పంపడం కుదరదు. వీడియోలో విన్నది అబద్ధం కాదు గానీ అది సగం మాటే. ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకే కొట్టడాన్ని డైరెక్ట్ ఇంజెక్షన్ అంటారు. అలా పంపితే గాలికి చోటు మిగులుతుంది, అందుకే పవర్ నిలబడుతుంది. మిగతా సగం ఏమిటంటే, ఆ గ్యాస్ గాలితో కలవడానికి ఉన్న టైమ్ చాలా తక్కువ. ఇంజిన్ టెస్ట్ బెడ్ల మీద, ఆ తర్వాత గ్యాస్ కిట్ల ట్యూనింగ్‌లో చాలాకాలం పనిచేశాను. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో గ్యాస్‌తో వచ్చే తలనొప్పులన్నీ చివరికి ఈ టైమ్ దగ్గరికే వచ్చి ఆగుతాయి. లెక్కతోనే చూద్దాం.

1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ అనుకోండి. ఒక్కో సిలిండర్ 300 సీసీ. టర్బో సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం. ఒక్కో సక్షన్‌కు దాదాపు 0.3 గ్రాముల గాలి లోపలికి వస్తుంది. ఆ గాలి పూర్తిగా ఖర్చు కావాలంటే పెట్రోల్ 20 మిల్లీగ్రాములు కావాలి. ద్రవంగా చూస్తే అది 28 ఘనపు మిల్లీమీటర్లు, ఒక్క చుక్క కంటే తక్కువ. ఆవిరైనా ఐదు సీసీలు దాటదు. అదే సీఎన్‌జీలో ప్రధానంగా ఉండే మీథేన్ అయితే 17.5 మిల్లీగ్రాములు చాలు, కానీ అది మామూలు పీడనం దగ్గర 26 సీసీలకు పైగా చోటు తింటుంది. హైడ్రోజన్ బరువులో 9 మిల్లీగ్రాములు కూడా లేదు, చోటు మాత్రం 107 సీసీలు కావాలి. 300 సీసీల సిలిండర్‌లో మూడో వంతు ఇంధనానికే పోతే గాలి ఎక్కడ పడుతుంది?

ఇప్పుడు మార్కెట్‌లో ఉన్న సీఎన్‌జీ కార్లన్నీ గ్యాస్‌ను ఇన్‌టేక్ పోర్టులోనే, అంటే గాలి సిలిండర్‌లోకి వచ్చే దారిలోనే వదులుతాయి. గాలి, గ్యాస్ కలిసే లోపలికి వస్తాయి. కలిసిన మిశ్రమంలో మీథేన్ వాటా సుమారు 9.5 శాతం, కాబట్టి గాలి ఆ మేరకు తగ్గుతుంది. వ్యాగన్ ఆర్ 1.0 ఇంజిన్ పెట్రోల్ మీద 67 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) ఇస్తే సీఎన్‌జీ మీద 57 ఇస్తుంది. 2024లో వచ్చిన నెక్సాన్ ఐసీఎన్‌జీ టర్బో ఇంజిన్, అయినా పెట్రోల్ మీద 120 ఉన్నది గ్యాస్ మీద 100 పీఎస్. తగ్గింది 15 శాతం చుట్టూ, పది కాదు. మిగతాది ఎటు పోయింది? అందులో కొంత చల్లదనం ఖాతాలోది. పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలి నుంచి వేడి లాక్కుంటుంది. పైన చెప్పిన 20 మిల్లీగ్రాములు పూర్తిగా గాలి వేడితోనే ఆవిరైతే గాలి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పడుతుంది. చల్లబడిన గాలి చిక్కబడుతుంది, ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. గ్యాస్ ముందే ఆవిరి కాబట్టి ఆ సాయం లేదు. మే నెలలో 44 డిగ్రీల ఎండలో నార్కట్‌పల్లి దగ్గర ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు సీఎన్‌జీ బండి బరువుగా అనిపించడం మీ భ్రమ కాదు.

గ్యాస్‌ను పోర్టులో కాకుండా, ఇన్‌టేక్ వాల్వ్ మూసుకున్నాక సిలిండర్‌లోకే పంపితే కథ మారుతుంది. గాలి మొత్తం ముందే లోపలికి వచ్చేసింది, గ్యాస్ తర్వాత వచ్చి దాని మీద చేరుతుంది. అదే 0.3 గ్రాముల గాలికి పెట్రోల్ శక్తి దాదాపు 890 జౌళ్లు, మీథేన్‌ది 870, హైడ్రోజన్‌ది 1,050. అంటే నేరుగా పంపితే సీఎన్‌జీ పెట్రోల్‌తో దాదాపు సమానం, హైడ్రోజన్ 18 శాతం ఎక్కువ. అదే హైడ్రోజన్‌ను పోర్టులో పంపితే గాలి తగ్గిపోయి పెట్రోల్ కంటే 15 శాతం తక్కువకు దిగుతుంది. ఒకే ఇంధనం, పంపే చోటు మారితే ఇంత తేడా. బీఎండబ్ల్యూ 2006లో చూపించిన హైడ్రోజన్ 7 కారు ఇందుకు మంచి సాక్ష్యం. దాని 6 లీటర్ల వీ12 ఇంజిన్‌కు మూలమైన 760 కారు పెట్రోల్ మీద 445 హార్స్‌పవర్ ఇచ్చేది, హైడ్రోజన్ 7 మాత్రం 260 దగ్గర ఆగింది. ఆ కారులో పెట్రోల్‌ది డైరెక్ట్ ఇంజెక్షన్, హైడ్రోజన్ మాత్రం పోర్టులోకి వెళ్లేది.

ఇక మీ అసలు ప్రశ్న: ఉన్న ఇంజెక్టర్లలోంచే ఎందుకు కుదరదు? పెట్రోల్ డైరెక్ట్ ఇంజెక్టర్‌ను, సీఎన్‌జీ కిట్ ఇంజెక్టర్‌ను టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. పెట్రోల్‌ది మొన దగ్గర ఆరేడు రంధ్రాలు, ఒక్కొక్కటి 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే తప్ప కనబడవు. గ్యాస్ ఇంజెక్టర్ రంధ్రం రెండు మిల్లీమీటర్ల పైమాటే, పెన్సిల్ మొన దూరుతుంది. పెట్రోల్ 200 బార్ల (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనం) మీద ద్రవంగా దూసుకుపోతుంది. మీథేన్‌ను 20 బార్ల మీద అదే రంధ్రం గుండా పంపితే, అదే పనికి సరిపడా గ్యాస్ వెళ్లడానికి దాదాపు 40 రెట్ల టైమ్ కావాలి. పెట్రోల్‌కు 2 మిల్లీసెకన్లు పడితే గ్యాస్‌కు 80. ఇంజిన్ 3,000 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే నాలుగు స్ట్రోకులూ కలిపితేనే 40 మిల్లీసెకన్లు! సాగర్ ఎడమ కాలువను డ్రిప్ పైపులోంచి పారించబోవడం లాంటిదే ఇది. పైగా పెట్రోల్ ఆ ఇంజెక్టర్‌లోని సూదికి కందెన, మొనకు చల్లదనం కూడా. గ్యాస్‌లో ఆ రెండూ లేవు. సూది సీటు పొడిగా కొట్టుకుంటూ అరుగుతుంది, అరిగితే లీకవుతుంది. పెట్రోల్ లీకైతే నాలుగు చుక్కలు, గ్యాస్ లీకైతే ఆగిన ఇంజిన్ సిలిండర్‌లో మిశ్రమం తయారవుతుంది. అందుకే గ్యాస్ డైరెక్ట్ ఇంజెక్టర్ అనేది వేరే జాతి వస్తువు. చాలావాటిలో వాల్వ్ బయటికి తెరుచుకుంటుంది, సిలిండర్‌లో పేలుడు పీడనమే దాన్ని గట్టిగా మూసి ఉంచుతుంది.

సరే, సరైన ఇంజెక్టర్ ఉందనుకుందాం. టైమ్ ఎంతుంది? 3,000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒక్క మిల్లీసెకన్‌లో 18 డిగ్రీలు తిరుగుతుంది. ఇన్‌టేక్ వాల్వ్ మూసుకున్నప్పటి నుంచి స్పార్క్ దాకా ఉన్నది 100 డిగ్రీల చిల్లర, అంటే ఆరు మిల్లీసెకన్ల లోపే. 6,000 దగ్గర మూడు. ఆ మూడులోనే గ్యాస్ రావాలి, గాలితో కలవాలి, స్పార్క్ ప్లగ్ దగ్గర మండే పాళ్లలో ఉండాలి. పోర్టులో వదిలిన గ్యాస్‌కైతే సక్షన్ స్ట్రోకు మొత్తం, కంప్రెషన్ స్ట్రోకు మొత్తం కలవడానికే ఉంటుంది. పోర్టు పద్ధతి ఇన్నేళ్లు ఎందుకు నిలిచిందో ఇక్కడ అర్థమవుతుంది. దానికి పవర్ తక్కువైనా కలయికలో లోటు ఉండదు.

ఈ దశలో గ్యాస్ ఎలా ప్రవర్తిస్తుందో చెప్పడమే నాకు అన్నిటికంటే ఇష్టం. పెట్రోల్ స్ప్రే అంటే బరువున్న తుంపర్లు. వాటికి ఊపు ఉంటుంది, గాలిని చీల్చుకుని దూరం పోతాయి, పోతూ ఆవిరవుతాయి. గ్యాస్‌కు తుంపర్లు లేవు. లోపలి పీడనం కంటే గ్యాస్ పీడనం సుమారు 1.85 రెట్లు దాటితే చాలు, రంధ్రం దగ్గర మీథేన్ తన ధ్వని వేగాన్ని అందుకుంటుంది. ఆ వేగం సెకనుకు 450 మీటర్ల చుట్టూ, హైడ్రోజన్‌కైతే 1,300 దాకా. అక్కడి నుంచి ఇక సిలిండర్‌లో పీడనం పెరిగినా తగ్గినా రంధ్రం గుండా వెళ్లే గ్యాస్ మారదు, వెనకాల పీడనం మీదే ఆధారపడుతుంది. ట్యూనింగ్ చేసేవాళ్లకు ఇది వరం, కొలత లెక్క తేలికవుతుంది. కానీ బయటపడిన గ్యాస్‌లో ఇంకా పీడనం మిగిలే ఉంటుంది. రంధ్రం దాటగానే ఒక్కసారిగా ఉబ్బుతుంది, ధ్వని వేగాన్ని దాటుతుంది, కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే ఒక షాక్ తరంగాన్ని ఢీకొని నెమ్మదిస్తుంది. అంత వేగంతో బయలుదేరిన జెట్ పిస్టన్ దాకా అదే వేగంతో పోతుందనుకుంటారు చాలామంది. పోదు. గ్యాస్ తేలిక, ఎదురుగా ఉన్న గాలి కంప్రెషన్‌లో చిక్కబడుతోంది. జెట్ ముందుభాగం సుడి తిరుగుతూ విచ్చుకుని ఆగిపోతుంది.

ఇంకో చిక్కు. బయటికి తెరుచుకునే వాల్వ్ నుంచి గ్యాస్ గొడుగు ఆకారంలో పలచని పొరగా రావాలి, అందరూ బొమ్మల్లో అలాగే గీస్తారు. నిజానికి ఆ పొర తన లోపలి గాలిని లాగేసుకుంటుంది, లోపల పీడనం పడిపోయి గొడుగు ముడుచుకుపోతుంది. వెడల్పుగా పరుచుకోవాల్సింది ఒకే లావు జెట్‌గా మారి నేరుగా కిందికి దిగుతుంది. ఇంజెక్టర్ మొన సిలిండర్ పైకప్పు లాంటి హెడ్‌కు మరీ దగ్గరగా ఉంటే జెట్ గోడకు అంటుకుని పాకుతుంది, మధ్యలో గాలి గాలిగానే మిగిలిపోతుంది. అందుకే పెట్రోల్ డైరెక్ట్ ఇంజెక్షన్ కోసం చేసిన పిస్టన్ గుంత గ్యాస్‌కు సరిపడకపోవచ్చు. ఇంజెక్టర్ మార్చినంత మాత్రాన పని అయిపోదు, జెట్ ఎటు తగిలి ఎటు తిరగాలో ఆలోచించి హెడ్, పిస్టన్ మళ్లీ గీయాలి.

“హైడ్రోజన్ అయితే క్షణంలో కలిసిపోతుంది కదా” అని ఇంజినీరింగ్ పిల్లలు అంటుంటారు. గాలిలో హైడ్రోజన్ వ్యాపించే వేగం లెక్క వేస్తే, ఐదు మిల్లీసెకన్లలో అది తనంతట తాను పోగలిగేది ఒక మిల్లీమీటరు చుట్టే. పీడనం పెరిగితే అదీ తగ్గుతుంది. సిలిండర్ వెడల్పేమో 70 మిల్లీమీటర్లు. కాబట్టి కలిపేది వ్యాపనం కాదు, జెట్ పుట్టించే సుడులు, గాలిలో ముందే ఉన్న టంబుల్ అనే దొర్లుడు. దీన్లో ఒక మేలు కూడా ఉంది. కొంచెం ఆలస్యంగా ఇంజెక్ట్ చేస్తే జెట్ పుట్టించిన అలజడి స్పార్క్ టైమ్‌కు ఇంకా ఆరదు, మంట వేగంగా పాకుతుంది. మీథేన్ మంట సహజంగా నెమ్మది, సెకనుకు 0.4 మీటర్ల లోపే, కాబట్టి దానికి ఈ ఊతం బాగా పనికొస్తుంది. మరీ ఆలస్యం చేస్తే ఒకచోట చిక్కగా, ఇంకోచోట పలచగా మిగులుతుంది. పలచటి చోట మంట ఆరిపోయి మీథేన్ కాలకుండానే సైలెన్సర్‌లోకి పోతుంది. వందేళ్ల లెక్కలో మీథేన్ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు ఘాటు, దాన్ని క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా తేలిగ్గా కాల్చలేదు. దీన్ని తేలిగ్గా తీసుకునే ట్యూనింగ్‌ను నేను ఒప్పుకోను.

పీడనం సంగతికి వద్దాం. 16 నుంచి 20 బార్లు ఉంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే పై స్థానానికి 30 డిగ్రీల ముందు దాకా ఇబ్బంది లేకుండా ఇంజెక్ట్ చేయొచ్చు, టర్బో లేని ఇంజిన్‌లో అప్పటికి లోపల ఎనిమిది బార్ల చుట్టే ఉంటుంది. కానీ ట్యాంక్ 200 బార్ల నుంచి 20కి పడ్డాక ఆ మిగిలిన పదో వంతు గ్యాస్ ఆలస్యపు ఇంజెక్షన్‌కు పనికిరాదు. పోర్టు కిట్‌కు రెండు మూడు బార్లు చాలు, అది ట్యాంక్‌ను దాదాపు ఊడ్చేస్తుంది. బంకు బంకుకూ దూరం ఎక్కువున్న మన దేవరకొండ, అచ్చంపేట రూట్లలో ఇది చిన్న విషయం కాదు.

డీజిల్ లాగా పై స్థానం దగ్గరే గ్యాస్ కొట్టే పద్ధతి వేరే ఉంది. దానికి 300 బార్లు కావాలి. వోల్వో ఎల్‌ఎన్‌జీ (బాగా చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజ వాయువు) లారీలు ఇలాగే నడుస్తాయి. ముందు చిన్న డీజిల్ చుక్క మండుతుంది, ఆ మంటలోకి గ్యాస్ దూసుకొస్తుంది. మీథేన్ తనంతట తాను అంటుకోవాలంటే 540 డిగ్రీలు కావాలి, డీజిల్‌కు అందులో సగం కూడా అక్కర్లేదు, అందుకే ఆ చుక్క. గ్యాస్ ముందే కలిసి ఉండదు కాబట్టి నాకింగ్ (మిశ్రమం తనంతట తాను అంటుకుని ఇంజిన్ కొట్టుకోవడం) భయం లేదు, కాలకుండా పోయేదీ తక్కువ. ఎల్‌ఎన్‌జీ ద్రవం కాబట్టి దాన్ని 300 బార్లకు పంప్ చేయడానికి పెద్దగా శక్తి పట్టదు. సీఎన్‌జీని అంతకు కుదించాలంటే బండిలో కంప్రెసర్ మోయాలి, కార్లలో అది అయ్యే పని కాదు.

మన ఊళ్లలో బోరు దగ్గర గోబర్ గ్యాస్‌తో నడిచే డీజిల్ ఇంజిన్లకు, దీనికి పోలిక ఉందని అనుకునేవారున్నారు. డీజిల్ చుక్కతో వెలిగించడం వరకే పోలిక. అక్కడ గ్యాస్ ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి గాలితో కలిసే వెళ్తుంది. అది మొరటు పద్ధతి, కానీ గోబర్ గ్యాస్‌కు అదే మంచిది. అందులో 40 శాతం దాకా కార్బన్ డయాక్సైడ్, పైగా తేమ, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. సన్నని సీటు ఉన్న ఇంజెక్టర్‌ను అవి కొద్ది నెలల్లో తినేస్తాయి. శుద్ధి చేసి మీథేన్ 90 శాతం దాటించిన సీబీజీ (కుదించిన బయోగ్యాస్) అయితే సీఎన్‌జీతో సమానం, ఎక్కడైనా వాడొచ్చు. వరిగడ్డి, కోళ్ల ఎరువు ఇంత దొరికే నల్గొండ, పాలమూరు జిల్లాల్లో దాని మీద పెట్టే ప్రతి రూపాయీ సార్థకమని నా గట్టి నమ్మకం.

హైడ్రోజన్‌ది వేరే స్వభావం. అంటించడానికి కావలసిన శక్తి 0.02 మిల్లీజౌల్, మీథేన్‌కు అవసరమైన దానిలో పదో వంతు కూడా కాదు. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఏ పాళ్లలో ఉన్నా మండుతుంది. పోర్టులో వదిలితే వేడి వాల్వ్ తగిలి మంట వెనక్కి, ఇన్‌టేక్‌లోకి తన్నుతుంది. వాల్వ్ మూసుకున్నాక ఇంజెక్ట్ చేస్తే ఆ బ్యాక్‌ఫైర్ బెడద పోతుంది, హైడ్రోజన్‌కు డైరెక్ట్ ఇంజెక్షన్ దాదాపు తప్పనిసరి అనేది ఇందుకే. అయినా స్పార్క్ కంటే ముందే అంటుకునే ప్రమాదం మిగిలే ఉంటుంది. ప్లగ్ మొన వేడెక్కినా, రింగుల పక్క నుంచి ఒక ఆయిల్ చుక్క పైకి వచ్చినా చాలు. హైడ్రోజన్ మంట అర మిల్లీమీటరు చిల్లర సందులోకి కూడా దూరగలదు, మీథేన్ మంటకు రెండు మిల్లీమీటర్లు కావాలి. కాబట్టి సిలిండర్ గోడకు మరీ దగ్గర దాకా మండి వేడిని గోడకు ధారపోస్తుంది. గాలి రెట్టింపుకు మించి ఇచ్చి పలచగా మండిస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు దాదాపు ఉండవు. అలా చేస్తే పైన లెక్కించిన 18 శాతం లాభం పోతుంది, దాన్ని పూడ్చడానికి పెద్ద టర్బో కావాలి. టయోటా 2021 మేలో ఫుజీ 24 గంటల రేసులో హైడ్రోజన్ డైరెక్ట్ ఇంజెక్షన్ కరోలాను నడిపింది. మన దేశంలో అశోక్ లేలాండ్ 2023 ఫిబ్రవరిలో హైడ్రోజన్ ఇంజిన్ లారీని చూపించింది. కారులో కంటే లారీలో ఇది ముందు నిలబడుతుందని నా అంచనా, ట్యాంకులకు చోటు అక్కడే ఉంది.

ఇదే అదనుగా “నీళ్ల నుంచి హైడ్రోజన్” కిట్లు అమ్మేవాళ్లు మీ దగ్గరికీ వస్తారు. 12 వోల్టుల మీద 20 ఆంపియర్లు లాగితే 240 వాట్లు. అందులోంచి పుట్టే హైడ్రోజన్ శక్తి ఇంకా తక్కువ. హైవే మీద మీ ఇంజిన్ తాగే ఇంధన శక్తి 50,000 వాట్ల లెక్కలో ఉంటుంది. పైగా ఆ 240 వాట్లు ఆల్టర్నేటర్ ద్వారా మీ పెట్రోల్ నుంచే వచ్చాయి. డబ్బులు పెట్టకండి.

ఇప్పుడు మీ కారు సంగతి. డైరెక్ట్ ఇంజెక్షన్ కారుకు బయట పెట్టే సీఎన్‌జీ కిట్ కూడా గ్యాస్‌ను ఇన్‌టేక్‌లోకే పంపుతుంది. వీడియోలో చెప్పిన లాభం మీకు రాదు. గ్యాస్ మీద నడుస్తున్నంతసేపు పెట్రోల్ ఇంజెక్టర్లు ఊరకే కూర్చుంటే మొనలు మాడిపోతాయి, కాబట్టి సరైన కిట్ కొంత పెట్రోల్‌ను పక్కనే కొడుతూ ఉంటుంది. ఆ ఖర్చు లెక్కలో వేసుకుంటే ఆదా మీరు అనుకున్నంత మిగలదు. ఫిట్టర్‌ను మూడు మాటలు అడగండి: ఈ కిట్‌కు నా మోడల్, నా ఇంజిన్ పేరు మీద అప్రూవల్ ఉందా, గ్యాస్ మీద ఉన్నప్పుడు పెట్రోల్ ఎంత శాతం కొడుతుంది, ఆర్‌సీలో సీఎన్‌జీ ఎక్కించేది ఎవరు. రెండో ప్రశ్నకు “అస్సలు పెట్రోల్ తాగదు” అని గర్వంగా చెప్తే అక్కడి నుంచి వచ్చేయండి. మీ తిరుగుడు నిజంగా అంత ఉంటే, ఈ కారును పెట్రోల్ మీదే ఉంచుకుని, తర్వాతి బండి కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చే పోర్టు ఇంజెక్షన్ ఇంజిన్ తీసుకోమంటాను. ఏది తీసుకున్నా గ్యాస్ సిలిండర్‌కు మూడేళ్లకోసారి టెస్ట్ చేయించాలి, ఆ తేదీ సిలిండర్ ప్లేట్ మీద ఉంటుంది, గ్యాస్ కొట్టించేటప్పుడు ఒకసారి చూసుకోండి.